అన్నీ ప్యాకేజీలోనే సార్!

మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద ఏ ఫంక్షన్ హాల్‌కు వెళ్లినా ఒకటే మాట: "అన్నీ ప్యాకేజీలోనే సార్!" పెళ్లయిన తెల్లారి జనరేటర్ డీజిల్, క్లీనింగ్, కరెంటు బిల్లు విడివిడిగా వచ్చి గుమ్మంలో నిలబడతాయి. ఇప్పుడు ఆకాశాన్నీ ఇలాగే బుక్ చేసుకోమని ప్రభుత్వ సంస్థలకు సలహా. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాయించుకునే బాధెందుకు? నాలుగు దేశాల్లో నడుస్తున్నది కొనండి, పెట్టె విప్పండి, విమానాలు వదలండి!

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1996లో ఇలాగే 'స్టార్స్' అనే రెడీమేడ్ సరుకుకు రేథియాన్‌తో ఒప్పందం చేసుకుంది. తీరా కంట్రోలర్లు కూర్చుంటే, తెర మీద విండో తెరుచుకుని దాని వెనక విమానం మాయం! ఇక మార్పులూ చేర్పులూ. 94 కోట్ల డాలర్ల అంచనా వంద కోట్లు దాటి పరుగెత్తింది.

మన నెత్తిమీదే చూడండి. హకీంపేటలో హెలికాప్టర్ నేర్చుకునే కుర్రాడు, దుండిగల్‌లో తొలిసారి ఒంటరిగా ఎగిరే క్యాడెట్, శంషాబాద్‌లో దిగబోయే దుబాయ్ విమానం. ముగ్గురికీ పైన ఉన్నది ఒకే నగరం ఆకాశం. ఈ పంచాయితీ ఏ కేటలాగులో ఉంది?

కొన్న సరుకు ఆగితే ఏమవుతుందో కూడా చూడండి. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో లాస్ ఏంజెలిస్-ప్యారిస్ విమానం ఫ్లైట్ ప్లాన్ ఒకటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ యంత్రానికి వచ్చింది. అందులో డీవీఎల్ అనే గుర్తు రెండు చోట్లకు ఉంది: అమెరికాలో డెవిల్స్ లేక్, ఫ్రాన్స్‌లో డోవిల్. అసలు యంత్రం తికమకపడి ఆగింది. ఆదుకోవాల్సిన స్పేరు యంత్రం అదే ప్లాన్ చదివి, అంతే శ్రద్ధగా ఆగింది. అంతా 20 సెకన్లలో! 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు అవస్థపడ్డారు. సరఫరాదారుకు కబురు అందేసరికి నాలుగు గంటలు దాటింది.

స్వదేశీ అయితే భేష్ అంటారా? 2025 నవంబరులో ఢిల్లీలో మెసేజ్ స్విచింగ్ వ్యవస్థ మొరాయిస్తే కంట్రోలర్లు ఫ్లైట్ ప్లాన్లు చేత్తో చూసుకున్నారు. వందల విమానాలు ఆలస్యం. దాని ముందు కూర్చుని మరమ్మతు చేసినవాళ్లు మన మేడ్చల్ జిల్లావాళ్లే, కుషాయిగూడ ఈసీఐఎల్ వారు. కాబట్టి జెండా ఊపకండి.

టెండర్లో 'ఎన్ని దేశాల్లో నడుస్తోంది' అనే గడి తప్పకుండా ఉంటుంది. 'ఆగితే విప్పి చూడగలిగేది మన ఆఫీసులో ఎవరు' అనే గడి మాత్రం కనబడదు. మరి అలాంటి మనిషిని పెట్టుకుంటే జీతం, ప్రమోషన్, పెన్షన్, పైగా ఎదురు ప్రశ్నలు. సరఫరాదారుతో నిర్వహణ ఒప్పందానికైతే (ఏఎంసీ) ఏటా ఒక్క సంతకం చాలు.