బొంత గదిలో బల్లలెందుకు, దండగ!

చలి మొదలై, బ్రాంప్టన్ బేస్‌మెంటులో ఓ మూల ఖాళీ దొరికి, పాత చీరలు సూట్‌కేసులో మగ్గుతుంటే ఎవరికైనా క్విల్టు కుట్టాలనే బుద్ధి పుడుతుంది. పుట్టనివ్వండి. కుట్టుమిషన్‌కి ఎంత పోసినా పర్వాలేదు, అది నలుగురికీ చూపించుకునే వస్తువు. కత్తిరించే బల్లకీ ఇస్త్రీ బల్లకీ మాత్రం చిల్లిగవ్వ పెట్టకండి. ఇల్లంతా బల్లలే కదా, ఇంకోటెందుకు? ఈ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకుంటే మిగతా విద్యంతా దానంతటదే వంటబడుతుంది.

కత్తిరించడానికి అన్నిటికన్నా చవక నేల. మన ఊళ్ళలో అమ్మమ్మలు నేల మీద పరిచే కదా బొంతలు కుట్టారు! వాళ్ళు పాత చీరలు పొరలు పొరలుగా పరిచి ఈ అంచు నుంచి ఆ అంచుకి దూరపు కుట్లు వేసుకుంటూ పోయారు, వంద ముక్కల మూలలు కలిపే పని వాళ్ళకి లేదు అని ఎవరైనా అడ్డు తగిలితే వినిపించుకోకండి. కార్పెట్ మీదే పరిచి రోటరీ కట్టర్, అంటే గుండ్రటి బ్లేడు చక్రంలా దొర్లే కత్తి, నడిపించండి. గుడ్డ తెగినా తెగకపోయినా కార్పెట్ తెగుతుంది. అద్దె ఇల్లయితే ఆ సంగతి ఖాళీ చేసేటప్పుడు చూసుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులంటారా, ఒంటారియోలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఓహిప్ ఉండగా భయమేమిటి? డాక్టరుకి చూపించుకుంటే పైసా కట్టక్కర్లేదు. ఫిజియోథెరపీ అందరికీ ఉచితం కాదు, అది వేరే గొడవ.

నేల నామోషీ అనుకుంటే డైనింగ్ టేబుల్. దాని ఎత్తు 30 అంగుళాలు, కూర్చుని తినడానికి చేసింది. నిలబడి కోసేవాళ్ళకి వంటింటి గట్టు ఎత్తు, అంటే 36 అంగుళాలు, నడుముకి సుఖమంటారు. మంచం కోళ్ళ కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు నాలుగు తెచ్చి టేబుల్ కాళ్ళ కింద పెడితే ఆ తేడా పూడిపోతుందట. అప్పుడు భోజనానికొచ్చిన చుట్టాల గడ్డాలు కంచాలకి తగులుతాయి. మన నడుము పోయినా మర్యాద పోకూడదు కనుక వంగండి.

వంటింటి ఐలాండ్ మీద కన్నుపడిందా? ఇంకా మేలు. నల్లటి రాయిలో బంగారు రవ్వలు మెరుస్తుంటే అది బ్లాక్ గెలాక్సీ అయ్యుంటుంది, అంటే ఒంగోలు దగ్గర చీమకుర్తి క్వారీల్లో పుట్టి సముద్రాలు దాటొచ్చిన మన ప్రకాశం జిల్లా రాయి. మన రాయి మీద మన గుడ్డ కోసుకోవడానికి మధ్యలో బ్లేడు కింద పరిచే కటింగ్ మ్యాట్ ఎవరిక్కావాలి? బ్లేడు నేరుగా ఆనించి ఒక్క తోపు తొయ్యండి. కిర్రుమంటుంది, రాయికేమీ కాదు. 45 మిల్లీమీటర్ల బ్లేడు అంచు మాత్రం ఎక్కడో ఓ చోట పెచ్చు లేస్తుంది. ఇక ఆ తర్వాత కోసిన ప్రతి పట్టీలోనూ ఐదున్నర అంగుళాలకోసారి, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, రెండు పోగులు తెగకుండా నిలిచిపోతాయి. లెక్క తప్పదు. ఆ పోగుల్ని చేత్తో లాగెయ్యండి. వాటితోపాటు అంచు కూడా కొంత ఊడొస్తుంది, కుట్టులో కలిసిపోతుందిలెండి.

అసలు ఈ రోటరీ కట్టరే నిన్నగాక మొన్న వచ్చింది. జపాను కంపెనీ ఒల్ఫా దాన్ని బజార్లోకి తెచ్చింది 1979లో. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి ఇళ్ళు పోయిన బ్రిటన్ వాళ్ళ కోసం కెనడా ఆడవాళ్ళు రెడ్‌క్రాస్ తరఫున క్విల్టులు కుట్టి ఓడలకెత్తారు. వాళ్ళకి మ్యాట్లున్నాయా? అట్టముక్క కొలతపెట్టి, గీసి, కత్తెరతో కోశారు. కాబట్టి మీరు కూడా మ్యాట్ మానెయ్యండి. అట్ట, గీత, కత్తెర కూడా మానెయ్యండి, అంత ఓపిక ఎవరికుంది!

అంత చెప్పినా మ్యాట్ కొనాలని మనసు లాగితే అన్నిటికన్నా చిన్నది తెచ్చుకోండి, 12 ఇంటు 18. 24 ఇంటు 36 మ్యాట్ కొనే అమాయకులు చెప్పే కారణం ఒకటుంది. క్విల్టింగ్ కాటన్ పన్నా 42 నుంచి 44 అంగుళాలు, ఒక్క మడత వేస్తే 22 లోపు, పెద్ద మ్యాట్ మీద ఆ మడతతోనే సరిపోతుంది. మీ చిన్న మ్యాట్‌కి రెండు మడతలు వెయ్యండి. మడతకీ రూలర్‌కీ లంబకోణం కుదరకపోతే, పట్టీ విప్పగానే మడత పడ్డచోటల్లా మోచెయ్యిలా వంపు తేలుతుంది. ఒక్క మడతకి ఒక్క వంపు, రెండు మడతలకి మూడు. ఎవరైనా అడిగితే డిజైన్ అనండి.

కొలతల విషయంలో కెనడా మనకి అనుకూలమైన దేశం. కొట్లో గుడ్డ మీటర్లలో కోస్తారు, నమూనా పుస్తకాలు గజాల్లో, అంగుళాల్లో రాస్తారు, చాలా మ్యాట్లకి ఒకవైపు అంగుళాలూ రెండోవైపు సెంటీమీటర్లూ ఉంటాయి. ఆ రోజు ఏ వైపు పైకుంటే ఆ వైపు కోసుకోండి. రెండున్నర అంగుళాలంటే 6.35 సెంటీమీటర్లు, ఆ పాయింటు తర్వాతవి చాదస్తం, 6 చాలు. ఇరవై పట్టీలకి కలిపి పోయేది ఏడు సెంటీమీటర్లే కదా. కొలమానాలు కలగలిస్తే కొంప మునుగుతుందనేవాళ్ళకి 1983 జులై సంగతి చెప్పండి. ఎయిర్ కెనడా విమానానికి కిలోల లెక్క బదులు పౌన్ల లెక్కన ఇంధనం పోస్తే, 41,000 అడుగుల ఎత్తులో ట్యాంకు ఖాళీ అయింది. మనిటోబాలో గిమ్లీ దగ్గర పాత రన్‌వే మీదికి జారుకుంటూ వచ్చి దిగిపోయింది, ఒక్క ప్రాణం పోలేదు. విమానమే దిగగా లేనిది మీ బొంత మంచం మీదికి దిగదా?

మ్యాట్‌ని ఎలా దాచాలో కూడా తెలుసుకోండి. చుట్టచుట్టి సోఫా వెనక నిలబెట్టండి, లేదా నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ మీద పడెయ్యండి. ప్లాస్టిక్‌కి చలి వెయ్యదూ పాపం? వారానికల్లా కాల్చిన అప్పడంలా లేస్తుంది, దాని మీద రూలర్ ఊయల ఊగుతుంది. పొగలు కక్కే టీ కప్పు కూడా దానిమీదే పెట్టుకోండి. గుండ్రటి బొడిపె ఒకటి తేలి, కప్పు ఎక్కడ పెట్టాలో మీకు శాశ్వతంగా గుర్తు చేస్తుంది. పని సాగుతుండగా ఇస్త్రీ పెట్టె దాకా నడవడం బద్ధకమైతే మ్యాట్ మీదే ఇస్త్రీ చెయ్యండి. ఒక్కసారికే దాని కష్టాలన్నీ తీరిపోతాయి.

ఇస్త్రీ మాటకొద్దాం. ఇస్త్రీ బల్ల కొనడమే జరిగితే మొన తేలినదే కొనండి. కనెక్టికట్‌లో బట్టలు కుట్టే సారా బూన్ 1892లో పేటెంటు తీసుకున్న బల్ల ఉంది చూశారూ, సన్నగా, ఒంపుగా, జాకెట్టు చేతులు తొడగడానికి వీలుగా చేసింది. క్విల్టుకి చేతులుండవు, నిజమే. కానీ బల్ల అంటే బల్లే. ముక్కలన్నీ అటో సగం ఇటో సగం వేలాడి, ఆ బరువుకి క్రాస్‌గా కోసిన అంచులు సాగుతాయి. సాగితే గుడ్డ పెరిగినట్టే, మీటరు ఇరవై డాలర్ల పైమాట పలికే రోజుల్లో ఇది లాభం. ప్లైవుడ్ చెక్క నలుచదరంగా కోయించి, క్విల్టు లోపల పరిచే కాటన్ బ్యాటింగ్ ఒకట్రెండు పొరలు వేసి, పైన మందపాటి కాన్వాసు గుడ్డ బిగించి, వెనక స్టేపుల్ కొట్టుకునేవాళ్ళుంటారు. ఒక్క సాయంత్రం పని, ఏళ్ళ తరబడి మన్నిక. మనకెందుకా పాట్లు?

కింద పరుపు మెత్తగా ఉండాలి, ఇది నా గట్టి నమ్మకం. మింక్ దుప్పటి నాలుగు మడతలు వెయ్యండి. పాలిస్టరు కదా, కాటన్ వేడికి కరిగి ఇస్త్రీ పెట్టె అడుగుకి అంటుకుంటుంది, తర్వాత ముక్కకి ఉచితంగా నల్లంచు పడుతుంది. మెత్తదనంలో కుట్టు లోపలికి కుంగి, పైనుంచి చూస్తే చదునుగా ఉన్నట్టే ఉంటుంది, తీశాక మళ్ళీ లేస్తుంది. అర అంగుళం మందం ఉన్ని మ్యాట్లు అమ్ముతారు, కింద నుంచి కూడా వేడి తిరిగి తగిలి కుట్టు ఒక్క అదుముకే అణుగుతుందని ఎగబడి కొంటారు. ఆవిరి తగిలితే గొర్రె వాసన. గొంగళ్ళ దేశం నుంచి వచ్చినవాళ్ళం, మళ్ళీ ఆ వాసనకి డాలర్లు పోస్తామా? ఇంకో మాట. పెట్టెను ఎత్తి అదమమంటారు, మీరు బరబరా తొయ్యండి. చొక్కాలకి పనికొచ్చినది చదరం ముక్కకి పనికిరాకుండా పోతుందా! కాకపోతే చదరం కాస్తా గాలిపటమవుతుంది.

పెట్టె కూడా ఇక్కడ కొనక్కర్లేదు, ఊరి నుంచి తెచ్చుకోండి. అక్కడ 230 వోల్టుల మీద వెయ్యి వాట్లు ఇచ్చే పెట్టె ఇక్కడి 120 మీద దాదాపు 270 వాట్లే ఇస్తుంది, వోల్టులు సగమైతే వేడి పావే కదా. మడత పోదు, కానీ చెయ్యీ కాలదు. పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా క్షేమం ఏముంది?

కాదు, ఇక్కడి 1,500 వాట్ల ఆవిరి పెట్టే కావాలంటే, బేస్‌మెంటు చలికి 1,500 వాట్ల హీటరు కూడా దాని పక్క ప్లగ్గులోనే పెట్టండి. 15 యాంపుల సర్క్యూట్ 1,800 వాట్ల దగ్గర ఆగమంటుంది, ఆగకండి. బ్రేకర్ టప్పున పడి గదంతా చీకటవుతుంది. ప్యానెల్ ముందు మీటరు జాగా ఖాళీగా వదలాలని కెనడా విద్యుత్ నిబంధన. అంత మంచి గోడ వదులుతారా ఎవరైనా? గుడ్డల బీరువా అక్కడే పెట్టుకోండి. చీకట్లో బీరువా జరపడానికి మీ ఆయన్ని పిలవండి, ముందుగా రోటరీ కట్టర్‌కి తొడుగు మూసేశారో లేదో మాత్రం తడిమి చూసుకోకండి.