దాని యొక్క కామా

అపాస్ట్రఫీ ఎస్ అంటే ‘యొక్క’ అని ఏడో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు. రామా పక్కన పెడితే రాముని యొక్క. బాయ్ పక్కన పెడితే బాలుని యొక్క. అంత తేలిగ్గా అర్థమైన పాఠం నా చదువులో మరొకటి లేదు. ఆ లెక్కన ఇట్ అంటే అది కదా, దాని పక్కన పెడితే దాని యొక్క. నలభై ఏళ్లు ఈ సూత్రం మీదే బతికాను. ఎవరైనా ఆ పై కామా లేకుండా రాస్తే ఎర్రసిరాతో పెట్టేవాణ్ణి కూడా. ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు పక్కన నల్ల గ్రానైటు మీద ‘ది రావ్స్’ అని చెక్కించి, ఎస్‌కు ముందు ఒక కామా దగ్గరుండి కొట్టించాను.

మా హైస్కూలు స్వర్ణోత్సవ సంచికకు ఇంగ్లీషు ప్రూఫులు దిద్దే పని నాకొచ్చింది. వచ్చిందనడం అబద్ధం, లాక్కున్నాను. డీటీపీ చేసే అమ్మాయి అట్ట మీద ‘అవర్ స్కూల్ అండ్ ఇట్స్ ఫిఫ్టీ ఇయర్స్’ అని కామా లేకుండా కొట్టింది. మన లిపిలో రాస్తే కామా ఉన్నదీ లేనిదీ రెండూ ‘ఇట్స్’ అనే పడతాయి, చెవికీ తేడా తెలియదు. తేడా అంతా కంటికే.

“ఇక్కడ కామా పెట్టమ్మా.”

“అక్కర్లేదనుకుంటా సార్. పెడితే ఇట్ ఈజ్ అవుతుంది. మన స్కూలు, అది యాభై ఏళ్లు అన్నట్టుంటుంది.”

“ముప్పై ఏళ్లుగా ఆఫీసులో డ్రాఫ్టులు రాస్తున్నానమ్మా.”

ఆ పిల్ల వ్యాకరణం చెబితే నేను సర్వీసు చెప్పాను. మారు మాట్లాడకుండా పెట్టింది. లోపలి పేజీల్లో మరో పదకొండు చోట్ల పెట్టించాను. అయిదు వందల కాపీలు అచ్చయ్యాయి.

ఉత్సవం నాడు ఒక రిటైర్డ్ లెక్చరర్ అట్ట మీద వేలు పెట్టి, “ఇది ఎవరు దిద్దారండీ?” అన్నారు.

“డీటీపీ అమ్మాయి” అన్నాను.

అసలు ఒప్పుకోవాల్సింది ఇదే. కామా సంగతి దీని ముందు ఎంత? ఆ అమ్మాయి రెండు వరసల వెనకే కూర్చుని ఉంది.

ఆ రాత్రి గ్రామరు పుస్తకం తీశాను. పుట్టుకలో ఆ గుర్తుకు ‘యొక్క’ అనే అర్థం ఏ కోశానా లేదు. అది రాలిపోయిన అక్షరానికి కట్టిన సమాధి. డూ నాట్ కాస్తా డోంట్ అయినప్పుడు ‘ఓ’ అక్షరం పోయింది, ఆ చోట గుర్తు నిలబడింది. పాత ఇంగ్లీషులో చాలా మాటలకు షష్ఠి చివర ‘ఈఎస్’ ఉండేది. కాలక్రమాన ఆ ‘ఈ’ పోయింది. ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి 16వ శతాబ్దంలో తెచ్చుకున్న గుర్తు తర్వాత ఆ ఖాళీలో కూర్చుంది. మనకూ ఇలాంటి చావులు ఉన్నాయి. రాముడు, అతడు కలిసి రాముడతడు అయితే ఉకారం పోతుంది. పోయినదానికి మనం రాయి పాతం, అంతే. ఇక హిజ్, హర్స్, అవర్స్, యువర్స్ వేటికీ కామా లేదు, ఇట్స్ కూడా ఆ ఇంటి పిల్లే. హిజ్‌కు నేను ఏనాడూ కామా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఒక్కసారైనా అనుకోలేదు.

1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిలో, మొదటి అధికరణం పదో సెక్షన్‌లో, సరిగ్గా నా కామాయే ఉందని తెలిసి కాసేపు మురిసిపోయాను. ఆ రోజుల్లో అలా రాయడం మామూలేనట. నా తప్పు రెండు వందల ఏళ్ల కిందట తప్పు కాదు.

మర్నాడు డీటీపీ షాపుకు వెళ్లి, “అమ్మా, నిన్న అబద్ధం చెప్పాను” అన్నాను. “విన్నాను సార్” అంది. ఇంకేమీ అనలేదు. మిగిలిన మూడు వందల చిల్లర కాపీలూ ముందేసుకుని, సాయంత్రాలు ఇద్దరం కూర్చుని కామాల మీద వైట్‌నర్ చుక్కలు పెట్టాం. అట్ట తెల్లది కాబట్టి సరిపోయింది. లెక్చరర్ గారింటికి వెళ్లి అది దిద్దింది నేనేనని చెప్పాను.

గేటు దగ్గరిది మాత్రం అలాగే ఉంది. ‘రావ్ యొక్క’ అని చదువుకోవాలి. రావ్ యొక్క ఏమిటో రాయలేదు. నల్ల గ్రానైటు మీద వైట్‌నర్ పనికిరాదు.