చిన్నప్పటి నుంచీ నాకు...

జంషెడ్‌పూర్‌లో పుట్టిన పిల్లలకు ఒక విచిత్ర లక్షణం ఉంది. అది కన్నవాళ్లకు తెలియదు, చదువు చెప్పిన మాస్టార్లకు తెలియదు. సముద్రాల అవతల ఉన్న అడ్మిషన్ ఆఫీసులకు మాత్రమే తెలుసు. ఉయ్యాల్లో ఉండగానే కిటికీలోంచి బ్లాస్ట్ ఫర్నేస్ ఎర్రటి వెలుగు చూసి, లోహాల అంతరంగం తెలుసుకోవాలన్న తపన వాళ్లకు పుట్టేస్తుందట. ఆ తపన ప్లస్ టూలో కనబడదు, బీటెక్ బ్యాక్‌లాగుల్లో అసలే కనబడదు. చివరి సెమిస్టర్‌లో, సాక్చిలోనో బిష్టుపూర్‌లోనో ఒక కన్సల్టెన్సీ ఏసీ గదిలో, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ) అనే కాగితం మొదటి వాక్యంగా ఒక్కసారి ఉబికి వస్తుంది: ‘చిన్నప్పటి నుంచీ నాకు...’ మెటలర్జీలో సీటు దొరక్కపోయినా బెంగలేదు. అదే ఫర్నేస్ వెలుగు మర్నాటికల్లా డేటా అనలిటిక్స్ మీద మమకారంగా మారుతుంది. ఇక రికమండేషన్ లెటర్ల సంగతి. ముగ్గురు ప్రొఫెసర్లు, మూడు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు, ఒకే శైలి, ఒకే విశేషణాలు, ఒకే చోట తప్పిపోయిన కామా. అబ్బాయి తన్ను తాను పొగుడుకుంటే మాస్టారు సంతకం చేస్తారు. ఆత్మస్తుతికి అటెస్టేషన్ అన్నమాట.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ దరఖాస్తులో అన్నీ ఉండి దరఖాస్తుదారుడు ఒక్కడే లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఉంటే పని జరగదు కాబట్టే లేడు. మన కుర్రాడు మూడు కిటికీల ముందు నిలబడాలి. యూనివర్సిటీ కిటికీ దగ్గర పరిశోధనే తన ప్రాణమనాలి. వీసా కిటికీ దగ్గర, అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ పుణ్యమా అని, చదువు అయిన మర్నాడే విమానమెక్కి వచ్చేస్తానని అధికారిని నమ్మించాలి. బ్యాంకు కిటికీ దగ్గర మాత్రం తిరిగొస్తానంటే కొంప మునుగుతుంది. చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే మూడేళ్ల ఓపీటీలో డాలర్లు సంపాదించి వాయిదాలు కడతానని చెబితేనే అప్పు. ఆస్తి తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చేది సాధారణంగా ఏడున్నర లక్షల దాకానే. ఆ పైన ఆస్తి చూపించమంటారు. కంపెనీ క్వార్టర్‌ను తాకట్టు పెట్టలేం కాబట్టి శ్రీకాకుళం వైపు మిగిలిన తాతల నాటి పొలం చెక్క దస్తావేజులు బయటికొస్తాయి. ఖాతాలో సొమ్ము చాలకపోతే నాలుగు వారాలు నిల్వ చూపించి వెనక్కి తీసుకునే మహానుభావులు కూడా వడ్డీకి దొరుకుతారు. మూడు కిటికీల దగ్గర మూడు కథలు చెప్పి, మూడింటినీ నమ్మించినవాడే ‘ప్రొఫైల్ స్ట్రాంగ్’ ఉన్నవాడు. ఇంతకీ ఏం చదవాలనుకుంటున్నావు, ఎవరి దగ్గర చదవాలనుకుంటున్నావు అన్న ప్రశ్న ఏ కిటికీలోంచీ రాదు. వచ్చినా జవాబు ముందే టైపు చేసి ఉంటుంది.

ఈ కథలు రాసిపెట్టేవారు ‘మా సేవలు పూర్తిగా ఉచితం’ అని బోర్డు పెడతారు. అబద్ధమేమీ కాదు. ఆడపిల్లవారి దగ్గర పైసా పుచ్చుకోని పెళ్లిళ్ల పేరయ్య మగపెళ్లివారి దగ్గర పుచ్చుకున్నట్టే, చాలా యూనివర్సిటీలు చేర్పించిన తలకు ఇంతని మొదటి ఏడాది ఫీజులోంచి కమిషన్ ఇస్తాయి. అమెరికాలో ఇంకా తమాషా. తమ దేశపు పిల్లల్ని చేర్పించినందుకు తలకింత కమిషన్ ఇవ్వడాన్ని, ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకునే కాలేజీలకు అక్కడి చట్టం నిషేధించింది. అలా ఇస్తే పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తారని వాళ్ల భయం. ఆ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థుల్ని మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించింది. తమ పిల్లలకు విషమని తేలినది మన పిల్లలకు ప్రసాదం. అందుకే కౌన్సెలర్ కంప్యూటర్‌లో మన అబ్బాయికి ‘సరిగ్గా సరిపోయే’ ఎనిమిది యూనివర్సిటీలు ఎప్పుడూ ఉంటాయి. పక్క కుర్చీలో అమ్మాయికి సరిపోయేవీ ఆ ఎనిమిదే.

ఇదంతా కాగితాల భాగోతం, చదువు చదువే అనేవారు ఒకసారి లెక్క చూసుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో, వీసాల మోసానికే నడిచిన ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద ఇమిగ్రేషన్ అధికారుల దాడి జరిగింది. అక్కడ పేరు నమోదైన పదిహేను వందల మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. అందులో 500 మందికి పైగా ఒకే అపార్ట్‌మెంట్‌లో కాపురం ఉంటున్నట్టు రికార్డు. కొందరు విద్యార్థుల కాళ్లకు నిఘా పట్టీలు వేశారు. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది. గుణపాఠం నేర్చుకున్నామా? 2016లో న్యూజెర్సీలో మరో యూనివర్సిటీ బయటపడింది. దాన్ని పెట్టింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే, దళారుల్ని పట్టడానికి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు. అదీ ప్రభుత్వం పన్నిన వలే. మాస్టారు లేడు, క్లాసు లేదు, సిలబస్ లేదు. ఆరు వందల మంది చేరారు. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది మనవాళ్లు, అందులో తెలుగువాళ్లే మెండు. విద్యార్థుల్ని సమకూర్చారని ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. ప్రభుత్వమే బోర్డు కట్టి, వెబ్‌సైట్ తెరిచి, ఫీజులు వసూలు చేసి, ఆనక చేరినవాళ్లను పట్టుకోవడం ఏం ధర్మమో ఆ ప్రభుత్వమే చెప్పాలి. వెబ్‌సైట్ చూసి నిజమని నమ్మినవాళ్లూ ఉన్నారు. అయినా, క్లాసుల్లేని యూనివర్సిటీ ఇన్ని వందల దరఖాస్తుల వడపోతలో ఎవరికీ అడ్డు తగలకుండా ఎలా సాగింది? మన వడపోతలో క్లాసులున్నాయా అన్న గడి ఎన్నడూ లేదు కనుక. ప్రవేశ పత్రం ఐ-20 వస్తుందా, వీసా హోదా దక్కుతుందా, పనికి అనుమతి వస్తుందా అన్న మూడు గడులూ ఫార్మింగ్టన్ దగ్గర శుభ్రంగా నిండాయి.

ఇక్కడ ఒక పెద్దాయన కోపంగా అడ్డొస్తారు: ఉద్యోగాలు లేక పిల్లలు పోతుంటే వెటకారమా అని. న్యాయమైన కోపమే. తొంభైల మొదట్లో డెబ్బై వేల మందికి పైగా పనిచేసిన టాటా స్టీల్ పదేళ్లు తిరిగేసరికి దాదాపు సగానికి తగ్గింది. తండ్రి టోకెన్ కొడుకు చేతికొచ్చే రోజులు పోయాయి. విదేశం పోవడాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. కద్మాలో, బిష్టుపూర్ రామమందిరం చుట్టుపక్కల ఇవాళ తెలుగు మాట వినబడుతోందంటే, ఉత్తరాంధ్ర నుంచి మూటాముల్లె సర్దుకుని మనుషులు ఇటు వచ్చారు కాబట్టే. అయితే వాళ్లు కూలి కోసం వస్తున్నామని చెప్పి వచ్చారు. కొలిమి దగ్గర నిలబడ్డ తాతను బాల్యం నుంచీ ఉక్కంటే నీకు మక్కువేనా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఉద్యోగం కోసమే పోతున్న మనవడు పరిశోధన కోసమని రాయాల్సి రావడం వీసా చట్టాల పాపం. ఒప్పుకుందాం. ఆ రాసింది తానే నమ్మేసి, ముప్ఫై నలభై లక్షలు దాని మీద పోయడం మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

మరొకరు మెత్తగా అంటారు: ఇంట్లో మొదటిసారి విదేశం పోయేవాడికి దారి చూపేవాళ్లు ఉండొద్దా? ఉండాలి. గడువు తేదీలు, కావాల్సిన కాగితాలు, ఫీజుల వివరాలు చెప్పేవారు ఎంతైనా అవసరమే. ఆ పనికి టాటానగర్‌లో రైలెక్కితే నాలుగు గంటల దూరంలో, కలకత్తాలో, అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచే ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రం ఉంది. ఎవరి కమిషనూ తినదు. అయినా మన జనానికి రుచించదు. అక్కడ ఎస్‌ఓపీ ఎలా రాయాలో చెబుతారు గానీ రాసిపెట్టరు, చెయ్యాల్సింది మనమేనంటారు. అప్పు తీసుకుని విదేశంలో చదివే సంప్రదాయానికి మాటకొస్తే ఈ ఊరి పేరే సాక్షి. జంషెడ్‌జీ టాటా 1892లోనే విదేశీ చదువుల కోసం ఒక నిధి పెట్టారు, ఉక్కు కంపెనీకి పదిహేనేళ్ల ముందు. దానం కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు. మొదట అందుకున్నవారు ఇద్దరు మహిళలు, వైద్యం చదవడానికి. 1945లో లండన్ వెళ్లి హెరాల్డ్ లాస్కీ దగ్గర చదివిన, తర్వాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ ఆ అప్పుతోనే వెళ్లారు. ఆ నిధి ఇప్పటికీ ఉంది. ఆ రంగం తెలిసినవాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి సబ్జెక్టు అడుగుతారు. అప్పిచ్చేవాడు చదువు గురించి అడగడమేమిటని కన్సల్టెన్సీ గదిలో అయితే ముక్కున వేలేసుకుంటారు.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. చైనాను దాటేశామని పండగ చేసుకున్నాం. అందులో సరైన చోట సరైన చదువు చదువుతున్నవారు వేలల్లో ఉన్నారు, వాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు. మిగతా తండ్రులు ఈసారి హోటల్ హాల్లో ఎడ్యుకేషన్ ఫెయిర్ పెట్టినప్పుడు, టీ, సమోసా అయ్యాక, కౌన్సెలర్‌ను ఒక్క మాట అడిగి చూడాలి: ఈ ఎనిమిదింటిలో మీకు కమిషన్ ఇవ్వనిది ఏది? పక్కనున్న అబ్బాయిని ఇంకొకటి: మొదటి సెమిస్టర్‌లో నీ సబ్జెక్టులేవి? రెండింటికీ జవాబు వస్తే నిశ్చింతగా దస్తావేజులు తియ్యొచ్చు. రాకపోతే కౌన్సెలర్ ఏమీ కంగారు పడడు. ఫాల్ పోతే స్ప్రింగ్ ఉంది, అమెరికా కాకపోతే ఐర్లాండ్ ఉంది, అబ్బాయి జీవితాశయాన్ని సాయంత్రానికల్లా మార్చి ప్రింటు తీసి ఇస్తాడు.