తూము తెలిసినవాళ్లు

మా రోజుల్లో భాద్రపదంలో రెండు రోజులు విడవకుండా వాన కొడితే ఊళ్లో ఎవడికీ నిద్రపట్టేది కాదు. చెరువు నిండుతోందని సంబరం, కట్ట తెగుతుందేమోనని బెదురు. అర్ధరాత్రి చెరువు నీళ్లు చూసే నీరటి డప్పు మోగిందంటే కట్టకు బుంగ పడిందన్నమాటే. గొంగడి కప్పుకొని, గడ్డపారో వరిగడ్డి మోపో చేతికందింది పట్టుకొని ఉరికేవాళ్లం. ఈత వచ్చినవాడు లోపలివైపు మునిగి బుంగ మూతి వెతికేవాడు. మా నాయనకూ పక్క పొలమాయనకూ గెట్టు పంచాయితీ, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఆ రాత్రి మాత్రం ఒకే ఇసుక సంచికి చెరో కొస పట్టేవాళ్లు. తెల్లారాక మళ్లీ ముఖాలు తిప్పుకునేవాళ్లు.

ఇది చెబితే మా మనవడు "అప్పట్లో ఎంత ప్రేమలు తాతా!" అంటాడు. ప్రేమ లేదు, దోమ లేదు. కట్ట తెగితే ఇద్దరి మడుల్లోనూ ఇసుక మేటలు వేస్తుంది, అంతే.

యాసంగికి చెరువులో సగం నీళ్లే మిగిలితే తైబందీకి కూర్చునేవాళ్లు. ఆయకట్టంతా పారదు కనుక తూముకు దగ్గరి మడులే ఈసారి సాగు అని తేల్చి, ఎవరి భూమి లెక్కన వాళ్లకు వాటినే పంచేవాళ్లు. అంటే నా మడిలో ఈ యాసంగి నువ్వు నాటు వేస్తావు. కాగితం లేదు, సంతకం లేదు. ఇప్పుడు తోడబుట్టినవాళ్లు చేస్తారా ఆ పని? గెట్టు జానెడు జరిగితే ముందు సర్వేయరు, వెనకాలే వకీలు.

అలాగని అంతా బంగారమే అంటే కళ్లు పోతాయి. తూము ఎత్తేదీ దించేదీ, ఏ మడికి ఎంతసేపు పారాలో తేల్చేదీ నీరటే. దొర పొలానికైనా వంతు తప్పించడని గొప్పగా చెప్పుకునేవాళ్లం గానీ, దొర వంతు ఎందుకో ఎప్పుడూ ముందే వచ్చేది. ఊరి పంటంతా చేతిలో ఉన్న ఆ మనిషి ఇల్లు ఊరి బయట. మా ఇంటికొస్తే అరుగు కిందే నిలబడేవాడు. పిల్లాణ్ని, నాకప్పుడు అది వింతగా తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఊళ్లో ఇలాంటి కట్టుబాటు ఎందుకు పుడుతుందో చూడ్డానికి రాబర్ట్ వేడ్ అని ఒక పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలవ కింది ఊళ్లు తిరిగి 1988లో పుస్తకం అచ్చేశాడు. నీళ్లకు కటకటలాడే చివరి ఊళ్లలోనే జనం ఎక్కువగా ఒక మాటకు కట్టుబడి ఉంటారని అందులో తేల్చాడు. మా నీరటిని అడిగితే కట్ట మీద నిలబెట్టి ఒక్క పూటలో చెప్పేవాడు.

ఆ కటకట మా ఊళ్లో బోరుతో పోయింది. నా మోటరు, నా నీళ్లు, నీతో నాకేం పని? ఊళ్లో తొలి బోరు పడ్డనాడు కొబ్బరికాయ కొట్టింది నేనే, ఎవర్ని తిట్టను! 2004లో ఉచిత కరెంటు వచ్చింది, 2018 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగ్గంటలూ ఇచ్చారు. చెరువు నిండితేనే బోరు ఊరుతుందన్న సంగతి మాత్రం మోటరు శబ్దంలో ఎవరికీ వినపడలేదు. అంతకుముందే 1997లో చట్టం చేసి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మా ఊరికి సంఘం రాలేదు, రెండు పార్టీలు వచ్చాయి.

2015లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేల పైచిలుకు చెరువులు బాగు చేస్తామన్నారు. మంచి పనే, కాదనను. మా చెరువు లోతైంది. కానీ పూడిక తీసింది యంత్రం. మేం గట్టున నిలబడి ఫోటోలు తీసుకున్నాం. మా రోజుల్లో ఎండాకాలం ఆ ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్లం, ఎవడి బండి రాలేదో సాయంత్రానికి ఊరంతా తెలిసేది.

మొన్నటి వానలకు కట్ట కింద మళ్లీ చెమ్మ కనబడింది. వాట్సాప్‌లో చెబితే యాభైమంది దండాలు పెట్టారు. కట్ట మీదికి వచ్చింది నలుగురం, అందరిలో చిన్నవాడికి అరవై రెండు. నాయనలారా, దండాలు వద్దు. వచ్చే వానలోపు ఒక పార పట్టుకొని రండి. పాత తూము ఎక్కడుందో చూపిస్తా. తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, రెండో ఆయనకు చూపు ఆనడం లేదు.