ఎమ్మెల్యే గారికి తీరిక లేదు

ఎమ్మెల్యే గారు పని చెయ్యడం లేదని పశ్చిమ ప్రకాశం రైతులు అంటుంటే ఒళ్లు మండిపోతుంది. పని చెయ్యకపోవడమా! తెల్లారకముందే గుమ్మం ముందు జనం. ఒక టీచరమ్మ బదిలీకి సిఫారసు లేఖ, ఒక సీఐకి ఫోను, రెండు పెళ్లిళ్లు, ఒక దశదిన కర్మ, మధ్యలో సీసీ రోడ్డుకు కొబ్బరికాయ. వాన పడకపోతే ఎండిన చేలో, వాన పడితే మునిగిన చేలో ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఫొటో. సాయంత్రానికి ఇసుక, క్వారీ, కాంట్రాక్టుల పంచాయితీ. ఇంత చాకిరీ చేసే మనిషికి ఒక్క పనికే తీరిక దొరకదు: ఏ పనికి ఎన్నికయ్యారో ఆ పనికి. ఏ ఎమ్మెల్యే అని అడక్కండి. కండువా రంగు మీకు నచ్చింది వేసుకోండి, కొలతలు అందరికీ సరిపోతాయి.

రాజ్యాంగం కూడా ఆయన శ్రమ గుర్తించింది. సభ అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయిందని ప్రకటించవచ్చని 190వ అధికరణ చెబుతుంది. భయపడాల్సిన పని లేదు. సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. ఏడాదికి నెల రోజులు కూడా నిండా జరగని సభలో 60 రోజుల గైర్హాజరు సంపాదించాలంటే ఏళ్ల తపస్సు కావాలి. మన దగ్గర ఆ తపస్సూ చూశాం. 2017 నవంబరులో ఒక ప్రతిపక్షం సభను బహిష్కరించి జనంలోకి వెళ్లింది. 2021 నవంబరులో అప్పటికి ప్రతిపక్ష నేతగా మారినాయన ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని శపథం చేసి బయటికి నడిచారు. అలగడంలో మనవాళ్లకు పార్టీ భేదం లేదు. జీతం మాత్రం ఎవరిమీదా అలగదు.

ఇక అసలు సంగతి, వెలిగొండ ప్రాజెక్టు. 1996లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. వైఎస్ హయాంలో జలయజ్ఞం కింద పనులు ఊపందుకున్నాయి. నల్లమల కొండల కింద రెండు సొరంగాలు, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు. శ్రీశైలం జలాశయానికి వరద వచ్చిన రోజుల్లో 43.5 టీఎంసీలు మళ్లించి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలని లెక్క. మొదటి సొరంగం 2021లో పూర్తయింది. రెండోదాంట్లో తవ్వే యంత్రం మొరాయించి లోపలే ఉండిపోతే మిగతాది మనుషులు తొలిచారు. 2024 మార్చిలో జగన్ ప్రభుత్వం ప్రాజెక్టును జాతికి అంకితం చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎవరినైనా వెక్కిరిస్తాం. ఇక్కడ జాతికి కొండ అంకితమైంది, బొక్క అంకితమైంది, ఎలుక జాడ లేదు.

నీళ్లు ఎందుకు రాలేదు? సొరంగం అవతల నీళ్లు నిలవాల్సిన నల్లమల సాగర్‌లో అప్పటికింకా ఊళ్లున్నాయి. సుంకేసుల, గొట్టిపడియ, గుండంచర్ల, కలనూతల... ఆ ముంపు గ్రామాల జనానికి పరిహారమూ పునరావాసమూ పూర్తిగా ఇవ్వకుండా జలాశయం నింపడం కుదరదు. రాతిని తొలవడానికి యంత్రం చాలు. బడ్జెట్‌లో పద్దు తొలవడానికి మాత్రం ఎమ్మెల్యే కావాలి. డిమాండ్ల మీద చర్చ జరిగే రోజు లేచి నిలబడి, పునరావాసానికి ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చు పెట్టారు అని మూడు ముక్కలు అడగాలి. సొరంగంలో ఆగిపోయిన యంత్రం గురించి అందరికీ తెలుసు. సభలో ఆగిపోయిన యంత్రాలను లెక్కపెట్టిందెవరు?

1996 శంకుస్థాపనకూ 2024 అంకితానికీ మధ్య, తరవాత ఆ ఏడాదే జరిగిన ఎన్నికలు కూడా కలుపుకుంటే, ఆరుసార్లు శాసనసభకు ఓట్లేశాం. ఆరు మేనిఫెస్టోలకు ఒకే హామీ సరిపోయింది. ఇంత మన్నికైన సరుకు ఇంకేముంది? నీళ్లు పారితే ఆ హామీ ఒక్క సీజనులో చెల్లిపోతుంది, పారకపోతే మనవడి కాలానికీ పనికొస్తుంది. వెనకటికి పూల సుబ్బయ్య అనే కమ్యూనిస్టు ఎమ్మెల్యే ఈ వెలిగొండ కోసమే పోరాడాడు. తరవాతి తరం ఆయన రుణం తీర్చుకుంది. ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టింది. పేరుకు ఖర్చు లేదు, పునరావాసానికి ఉంది.

చట్టాలైనా చెయ్యడం లేదా అంటే, చేస్తున్నారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేశారు. కౌలు రైతుకు కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే బ్యాంకులో పంట రుణం, పంట పోతే నష్టపరిహారం. ఒకటే చిన్న షరతు, ఒప్పందం మీద భూమి యజమాని సంతకం ఉండాలి. యజమాని ఒంగోల్లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన బెంగ, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలే పోతుందని ఈయన బెంగ. మిరప వేసి, అప్పు తెచ్చి, కౌలు ముందే కట్టిన మనిషి హక్కును ఆ మిరప చేను వంక చూడని మనిషి పెన్నులో పెట్టారు. బిల్లు మీద చర్చలో ఈ ఒక్క మెలిక పట్టుకుని వదలకుండా కూర్చునేవాడినే శాసనసభ్యుడంటారు. మన సభ్యులకు అది తెలియక కాదు. వాళ్లలో చాలామంది ఆ సంతకం పెట్టాల్సిన వైపు కూర్చున్నవాళ్లు.

సరే, తప్పంతా ఆయనదేనా? మనం ఆయన్ని ఏమడిగాం? బదిలీ అడిగాం, బోరు అడిగాం, గుడికి చందా అడిగాం, ఆడపిల్ల పెళ్లికి వచ్చి అక్షింతలు వెయ్యమన్నాం. వచ్చినవాడిని మంచోడన్నాం, రానివాడికి పొగరన్నాం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయాయి, ఆ నీళ్ల మీద ఈ అయిదేళ్లలో ఎన్ని ప్రశ్నలు వేశారని ఏ రచ్చబండ దగ్గరా అడగలేదు. నీళ్లు లేక వలస బస్సెక్కేవాడు కూడా డ్రైవర్‌నే తిట్టాడు. తలుపు తట్టనివాడికి తీరిక లేదని చెప్పడం ఎవరికైనా సులువే.

కాబట్టి ఈసారి ఆయన ఓటడగడానికి వస్తే పూలు చల్లొద్దు, తిట్టొద్దు. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "అన్నా, ముంపు గ్రామాల పద్దు మీద మీరు సభలో ఏ రోజు మాట్లాడారు?" తేదీ చెబితే ఆ రోజు సభ రికార్డు తీసి చూడండి, నిజమైతే ఓటెయ్యండి. తడుముకుంటే మరీ బాధ పెట్టకండి, ఆయనకు తగిన పని మన ఊళ్లో చాలా ఉంది. పెళ్లిళ్లకు పిలవండి, అసెంబ్లీకి పంపకండి.