అంకె మీద బొటనవేలు

మొన్న హైదరాబాదులో నాణేల ప్రదర్శన జరిగితే వెళ్ళాను. బల్లల మీద ప్లాస్టిక్ పెట్టెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో నాణెం, పైన చీటీ, చీటీ మీద అంకె. నా పక్కన ఒక కుర్రాడు పెట్టె తీశాడు, చీటీ చదివాడు, ఫోనులో ధర చూశాడు, కింద పెట్టాడు. ఇంకోటి తీశాడు. మళ్ళీ అదే తంతు. అరగంటలో ముప్ఫై నలభై పెట్టెలు తీసి ఉంటాడు. ఒక్క నాణేన్నీ తిప్పి చూడలేదు. నా చేతిలోని చార్మినార్ రూపాయి కనబడి, "అంకుల్, దీని గ్రేడ్ ఎంత?" అన్నాడు. దీనికి గ్రేడూ పెట్టే లేవు నాయనా అన్నాను. "ఓ, రా కాయినా" అని పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చినా ఆ మాట మనసులోంచి పోలేదు. ఆ రూపాయి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంనాటిది. హాలీ సిక్కా అనే ఈ నిజాం రూపాయలు ఏడు ఇస్తే ఆరు కల్దార్లు, అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయలు, వచ్చేవి. ఆ మారకపు లెక్క మా నాన్నకు నోటికి వచ్చు. మా రోజుల్లో నాణెం చేతికొస్తే మొదట అడిగేది ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది అని. ఎంత అన్నది ఆఖరి ప్రశ్న.

మాది సికింద్రాబాదు. 1963లో నాకు పన్నెండేళ్ళు. నయా పైసలు వచ్చి ఆరేళ్ళయినా అణాలు, బేడలు, వెండి రూపాయలు ఇంకా ఇళ్ళల్లో పెట్టెల అడుగున ఉండేవి. జనరల్ బజారులో మా నాన్నకు తెలిసిన షరాబు ఒకాయన ఉండేవాడు. సెలవు దొరికితే ఆయన గద్దె పక్కన చేరేవాణ్ణి. ఆయన రూపాయిని ముందు చూసేవాడు కాదు. వేలి కొన మీద నిలిపి గోటితో మీటేవాడు. మంచి వెండి సన్నగా, పొడుగ్గా మోగుతుంది. దొంగ రూపాయి టప్పుమని ఊరుకుంటుంది. "ముందు వినాలె బిడ్డా, తర్వాత చూడాలె" అనేవాడు.

విన్నాక అరచేతిలో పెట్టి తూకం చూపించేవాడు. కల్దార్ రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. నిజాం రూపాయి కాస్త తేలిక, వెండీ తక్కువే. ఆ తేడా ఏ పుస్తకంలోనూ చదవకముందే నా అరచేతికి తెలిసిపోయింది. తర్వాత అంచు గాట్లు, ఆ తర్వాతే బొమ్మ. ఐదో జార్జి రూపాయి మీద చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకసాలది, లేకపోతే కలకత్తాది. 1911 రూపాయి మీద రాజుగారి అంగీపై చెక్కిన ఏనుగు పందిలా ఉందని గొడవ లేస్తే, మరుసటి ఏడాది ఆ ఏనుగును సరిచేసి కొత్త అచ్చు వేశారు. ఆ కథ నేను మొదట విన్నది ఆయన దగ్గరే. భూతద్దం నా చేతికిచ్చి, "ఏనుగు యాడుందో నువ్వే ఎతుకు" అన్నాడు. వెతికాను, దొరికింది. నాణేన్ని వెతికి వెతికి చూడడం ఆ రోజు పట్టుకున్న అలవాటు.

నాణెం ఎంత బాగుంటే అంత ధర అన్నది అప్పుడూ ఉన్నదే. కాని ఆ బాగు ఎంతన్నది ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునేవాళ్ళు. రాజు చెవి అరిగిందని నేను, కిరీటం మీది గీతలన్నీ నిలిచే ఉన్నాయి చూడమని అమ్మేవాడు. ఒక్కోసారి ఆ వాదన రెండు టీల దాకా సాగేది. బేరం కుదరకపోయినా నాణెం గురించి నాలుగు కొత్త సంగతులు తెలుసుకుని లేచేవాణ్ణి. ఇప్పుడు వాదనే లేదు. చీటీ చెప్పిందే ధర.

ఈ అంకె పుట్టిన తీరు కుర్రాళ్ళు తెలుసుకోవాలి. అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన 1949లో ఆ దేశపు తొలినాటి పెద్ద సెంట్ల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద పెట్టాడు. ఏ నాణెమో గుర్తుపట్టగలిగేంత మాత్రమే మిగిలినది 1. ఎక్కడా వంక పెట్టలేనిది 70. 70 ఎందుకంటే, అప్పటి బజారులో ఆ సెంట్లలో అతి మంచిది అతి నాసిదానికి దాదాపు డెబ్బై రెట్లు పలికేది కాబట్టి. అంటే అంకె ధరలోంచి పుట్టింది. బజారు చెప్పిన దాన్ని కాగితం మీద పెట్టడానికి పుట్టింది. ఇప్పుడు ధరే అంకెలోంచి పుడుతోంది. నీడ ముందు నడుస్తుంటే మనిషి దాని వెనక నడిచినట్టుంది ఈ వ్యవహారం.

1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగు సంస్థలు వచ్చాయి. నాణెం పంపితే వాళ్ళ నిపుణులు చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి తిరిగి పంపుతారు. దాంతో నాణేన్ని చూడకుండానే ఫోనులో కొనడం, అమ్మడం మొదలైంది. వాటాల్లా కొనుక్కోవచ్చని పెట్టుబడిదారులు దిగారు. ధరలు 1989 దాకా ఎగబాకి, 1990లో కుప్పకూలాయి. నాణెం మీద ప్రేమతో కొన్నవాడి దగ్గర నాణెమైనా మిగిలింది. అంకె కోసం కొన్నవాడికి నష్టం తప్ప ఏమీ మిగల్లేదు.

అంకె ధరను ఎంత మారుస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 1884లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకసాలలో కొట్టిన మోర్గాన్ డాలర్ ఉంది. జనం చేతుల్లో అరిగినదైతే కొన్ని పదుల డాలర్లకు దొరుకుతుంది. చెలామణీలోకి వెళ్ళకుండా కొత్తగా నిలిచినదైతే వేలు, పై మెట్లలో లక్షల డాలర్లు. వెండి అదే, అచ్చు అదే. చెలామణీ అరుగుదల కాస్త ఉంటే 58, అసలు లేకపోతే 60, ఆ పైన. ఆ గీత దాటితే ధర రెట్లలో పెరుగుతుంది. కాని టంకసాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి ముఖమంతా గాట్లు పడ్డ 60 కన్నా, కొద్దిగా చేతులు మారి నిండుగా ఉన్న 58 ఎన్నోసార్లు కంటికి అందంగా ఉంటుంది. ఇది చూసేవాడికే తెలుస్తుంది. కొత్త నాణేల సంగతి మరీ అన్యాయం. 70 అంటే అయిదు రెట్లు పెద్దది చేసి చూసినా లోపం కనబడకూడదు. 69కీ 70కీ తేడా మామూలు కంటికి ఆనదు. అయినా ఆ ఒక్క అంకెకు జనం ఎన్నో రెట్లు పోస్తున్నారు.

అంకె ఒకసారి పడితే శిలాశాసనమా అంటే అదీ కాదు. పెట్టె పగలగొట్టి అదే నాణేన్ని మళ్ళీ పంపి, ఈసారైనా పై మెట్టు వస్తుందేమో అని చూసేవాళ్ళు బోలెడంత మంది. ఒకే అంకె ఉన్న నాణేల్లో ఏది నిజంగా బాగుందో చెప్పడానికి 2007లో సీఏసీ అని ఇంకో సంస్థ వచ్చి పెట్టెల మీద ఆకుపచ్చ బిళ్ళలు అంటిస్తోంది. చూపు మీద నమ్మకం పోగొట్టుకుంటే అంకె కావాలి, అంకె మీద నమ్మకం పోతే బిళ్ళ కావాలి. ఇలా ఎంతదూరమని పోతాం?

నా సొంత బాధ ఒకటుంది. మా అమ్మ పూజ పెట్టెలో 1938 ఆరో జార్జి రూపాయి ఉండేది. వందేళ్ళు దాటిన నాణేలను 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు జనం దేశం దాటించకూడదు. ఇది వందేళ్ళు దాటనిది కాబట్టి డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి పట్టుకెళ్ళి గ్రేడింగుకు ఇచ్చాడు. పెట్టె తిరిగొచ్చింది. అంకె లేదు, "క్లీన్డ్" అని రాసి ఉంది. అంటే ఎవరో తోమి నాణెం ఒంటిని చెడగొట్టారని. నిజమే, అమ్మ తోమింది. ప్రతి శ్రావణ శుక్రవారం చింతపండుతో తోమి, కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీదేవి ముందు ఉంచేది. వాళ్ళు చూసింది తప్పని నేను అనను. చింతపండు, పీచు వెండి మీద సన్నటి గీతలు పెడతాయి, దాని సహజమైన కాంతిని తినేస్తాయి. పిల్లలకు నేనూ అదే చెబుతాను, పాత నాణేన్ని తోమకండి అని. కాని మా అబ్బాయి "నాన్నా, దీనికి విలువ లేదట" అన్నప్పుడు నా గుండె కలుక్కుమంది. బజారులో ధర లేదను, ఒప్పుకుంటాను. విలువ లేదనకు. ఆ గీతలు మా అమ్మ చేతివి.

ఇంకా పెద్ద మాట. గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాట నహపానుణ్ణి ఓడించి, అతని వెండి నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబిలో దొరికిన నిధిలో పదమూడు వేలకు పైగా నాణేలుంటే, వాటిలో తొమ్మిది వేలకు పైగా అలా తిరగకొట్టినవే. ఒక ముద్ర కింద ఇంకో ముద్ర, రాజు ముఖం మీద కొండ గుర్తు, అక్షరాల మీద అక్షరాలు. అందం చూస్తే నాసి. కాని ఓడినవాణ్ణీ గెలిచినవాణ్ణీ ఒక్క బిళ్ళలో చూపించే ఆ చరిత్రకు ఏ అంకె సరిపోతుంది? మన కోటిలింగాలలో దొరికిన పాత నాణేలూ అంతే. వాటి మీద శాతవాహన రాజు సిముకుడి పేరు చదవగలగడమే వాటి ఘనత. మెరుపుతో వాటికేం పని?

గ్రేడింగు పూర్తిగా చెడ్డదని నేను చెప్పను. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే దాని నకిలీలు బజారులో దండిగా ఉన్నాయి. సంవత్సరం దిద్దిన నాణేనికి నేనూ ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. అమ్మినవాడు మరుసటి వారం మాట మార్చాడు. ఆ రోజు నిపుణుడి ముద్ర ఉన్న పెట్టె ఉంటే ఆ నష్టం తప్పేది. నకిలీని ఆపడానికి, ఊళ్ళు దాటి కొనేవాడికి ధైర్యం ఇవ్వడానికి అది మంచి సాధనం. నా కోపం పెట్టె మీద కాదు. పెట్టె వచ్చాక కన్ను నేర్చుకోవడం మానేసింది. చెవి అయితే అసలు నేర్చుకునే వీలే పోయింది, ప్లాస్టిక్కులో రూపాయి మోగదు.

అందుకని ఆ కుర్రాడికి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. నాయనా, పెట్టె తీసుకున్నప్పుడు చీటీలోని అంకె మీద బొటనవేలు పెట్టు. ఎవరి నాణెం, ఏ టంకసాల, ఏ ఏడాది, ఎక్కడ అరిగింది, ఎందుకు అక్కడే అరిగింది, అన్నీ చూడు. నీకు నువ్వే ఒక అంకె అనుకో. ఆ తర్వాత వేలు తీసి చూసుకో. మొదట్లో తప్పుతావు, నేనూ తప్పాను. వంద నాణేలకు నీ అంకె దగ్గర పడుతుంది, వెయ్యికి చీటీ ఎక్కడ తప్పిందో కూడా కనిపెడతావు. ఇంట్లో అవ్వ దాచిన వెండి రూపాయి ఉంటే అడిగి తీసుకుని, వేలి కొన మీద నిలిపి, ఒక్కసారి గోటితో మీటి విను.