నిలువెత్తు ఫోటో

కోదాడలో ఉండే మా పిన్ని కూతురికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమకాలికి క్యాలిపర్ కట్టుకుని నడుస్తుంది. స్టూడియోకు ఎప్పుడు తీసుకెళ్లినా నడుము పైకే ఫోటో. పండగ పూట అందరం నిలబడితే, దాని కాళ్ల ముందు ఎవరో ఒక చిన్నపిల్లాణ్ని కూర్చోబెట్టేవారు. పిల్లలెవరూ లేకపోతే పూలకుండీ జరిపేవారు.

కాలు కనబడేలా తీయించింది ఒక్కసారే, వికలాంగుల సర్టిఫికెట్ కోసం. వైకల్యం కనిపించే ఫోటోయే కావాలని అప్పటి ఫారంలో ఉండేది. పరికిణీ మోకాలి పైకి పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ బడిపిల్ల ఫోటో అది. తర్వాత వచ్చిన 2017 నిబంధనల ఫారాల్లో ముఖం మాత్రమే కనిపించాలని రాశారు. దాని బడిరోజుల్లో ఆ మాట ఉంటే ఎంత బాగుండేదో!

చేతికి ఫోన్ వచ్చాక తన ఫోటోలు తానే తీసుకోవడం మొదలుపెట్టింది. ఫోన్‌ను కిటికీకి ఆనించి పది సెకన్ల టైమర్ పెట్టేది. ఆ పది సెకన్లలో అనుకున్న చోటికి చేరుకోలేకపోయేది. అందుకే తొలినాటి ఫోటోల్లో సగం దారిలోనే ఉంటుంది, ఒక చెయ్యి గోడ మీద, ఒళ్లంతా ఓ పక్కకు ఒరిగి. పిన్ని తీసెయ్యమంటే ఒప్పుకోలేదు. “నడిచేటప్పుడు నేనెట్లుంటనో నాకే తెల్వదక్కా, ఇప్పుడు చూసిన” అంది నాతో.

తర్వాత చాలా తీసింది. పొద్దున్నే బెల్టులు బిగించుకోవడం, తోలు ఒరుసుకుని కమిలిన తొడ, సూర్యాపేట బస్టాండులో బస్సు తొలిమెట్టు ముందు ఆగి పైకి చూడటం. అమెరికాలో కాళ్లు లేకుండా పుట్టిన కెవిన్ కొనలీ స్కేట్‌బోర్డు మీద దేశాలు తిరుగుతూ, తనను వింతగా చూసినవాళ్లను 32 వేలకు పైగా ఫోటోలు తీశాడని చెప్తే, “వాళ్ల చూపులు నాకెందుకు, నా సంగతి నేను తీసుకుంట” అంది.

మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్‌తో వంకర తిరిగిన కాళ్ల ఫోటోలకు కొదవ లేదు. ఫ్లోరైడ్ బాధితుడు, శివన్నగూడెం అంశల స్వామిని 2003లో ఆ సమస్య మీద పోరాడుతున్న దుశ్చర్ల సత్యనారాయణ ఢిల్లీ తీసుకెళ్లి, ప్రధాని వాజ్‌పేయి టేబుల్ మీద పడుకోబెట్టారు. ఫ్లోరైడ్ నీళ్లు మనిషిని ఏం చేస్తాయో దేశానికి అట్లా తెలిసింది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. స్వామి 2023 జనవరిలో పోయాడన్న వార్త చదివి మా చెల్లె చాలాసేపు బాధపడింది. “ఆయనకు కటింగ్ షాపు ఉండేనటక్కా. అద్దం ముందు తనే ఒక్క ఫోటో తీసుకుంటే ఎంత బాగుండు” అంది. స్వామి గురించి అందరూ రాసిందంతా చదివిన నాకు ఆ ఊహ ఎన్నడూ రాలేదు.

ఈలోగా మిర్యాలగూడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్లది రైస్‌మిల్లు. పోలియో సంగతి మధ్యవర్తి ముందే చెప్పాడు, ఫోటో పంపమన్నారు. పిన్ని ఎప్పటిలాగే నడుము పైదాకా ఉన్నది వెతుకుతుంటే, మా చెల్లె తన ఫోన్‌లోంచి ఒకటి తీసి తానే పంపించింది. పెరట్లో పొద్దుటెండలో పచ్చచీరతో నిలబడ్డది. కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుంది, క్యాలిపర్, బూటు స్పష్టంగా కనబడుతున్నాయి. ఈసారి ఎత్తి పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. తల నిటారుగా ఉంది.

చాలా రోజులు కబురు లేదు. ఒకనాడు అబ్బాయి తల్లి ఫోన్ చేసింది. పిన్ని ఆత్రంగా స్పీకర్ పెట్టింది. మా చెల్లె పక్కనే కూర్చుని ఉంది.

“ఏమనుకోకు వదినా, మావోడు వద్దన్నడు. సూర్యాపేటల వేరే సంబంధం ఖాయం చేసుకున్నం. కానీ గా ఫోటో ఎంత మంచిగుందో! ఎవరు తీసిన్రు వదినా? కొంచెం నంబరియ్యి. పెళ్లికి ఆ ఫోటోగ్రాఫరే కావాలని మావోడు ఒకటే పట్టు.”